శబ్దమునకు పట్టు విడుపులు: రికార్డింగులో కంప్రెసర్ అమరిక

రేడియోలోగాని సెల్‌ఫోనులోగాని ఒక నాటకమును వినునపుడు మనలో చాలమందికి ఒక చిక్కు ఎదురగుచుండును. మాటలు సరిగా వినబడుట లేదని శబ్దమును పెంచుదుము. అంతలో వాద్యములు మ్రోగి చెవులు గింగురుమనును. వెంటనే తగ్గింతుము. మరల మాటలు మొదలగును, మరల పెంచుదుము. కథ ముగియువరకు చేయి మీట మీదనే ఉండును. మన చేయి చేయు ఈ పనిని తనంతట తానే చేయు పరికరమునకు కంప్రెసర్ అని పేరు. టైర్లలో గాలి నింపు కంప్రెసర్ వేరు. అది గాలిని అదుమును. ఇది మెల్లని శబ్దమునకును బిగ్గర శబ్దమునకును నడుమ గల దూరమును అదుమును.

పూర్వము ఇట్టి పరికరములు రేడియో కేంద్రములలోను గ్రామఫోను స్టూడియోలలోను మాత్రమే ఉండెడివి. ఇప్పుడు అవి కంప్యూటరు ప్రోగ్రాములుగా మారి విద్యార్థుల చేతికి కూడ వచ్చినవి. జాతరలో విన్న కథను ఫోనులో రికార్డు చేసి, కొంత సవరించి, పదిమందికి పంపుట నేడు ఎవరికైనను సాధ్యము. కాని కంప్రెసరులోని నాలుగైదు మీటలను ఎక్కడ నిలుపవలెనో తెలియనిచో పాటలోని ప్రాణము పోవును. ఆ మీటల వెనుకనున్న శాస్త్రము ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రమును మించినది కాదు. దానినే ఇచట పరిశీలింతము.

ఒగ్గుకథలోని ఎత్తుపల్లములు

హుస్నాబాదు 2016 వరకు కరీంనగరు జిల్లాలో ఉండి, ఆ సంవత్సరమున జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సిద్దిపేట జిల్లాలో చేరినది. అచటి ఎల్లమ్మ గుడి, ఎల్లమ్మ చెరువు చుట్టుప్రక్కల వారందరికి తెలిసినవే. ఆ ఊరికి నైరుతి దిక్కున కొమురవెల్లి మల్లన్న, వాయవ్యమున వేములవాడ రాజన్న వెలసియున్నారు. ఈ ప్రాంతము ఒగ్గుకథకు పెట్టినది పేరు. ఒగ్గు అనగా డమరుకము. ప్రధాన కథకుడు మల్లన్న కథనో, బీరప్ప కథనో, ఎల్లమ్మ కథనో చెప్పుచుండగా వంతవారు అందుకొందురు. డోలు, తాళములు, నపీర తోడగును.

ఇట్టి కథను శ్రద్ధగా విన్నచో అందు మూడు అంతస్తులు కనబడును. మొదటిది మాట. దుఃఖఘట్టములో కథకుడు గొంతు తగ్గించి, ప్రక్కవాని చెవిలో చెప్పినట్లు చెప్పును. రెండవది పాట, వంతవారు గొంతు కలుపుదురు. మూడవది డోళ్ల మ్రోత. కథ మలుపు తిరుగు చోట అవి ఒక్కసారిగా విజృంభించును. మాట మెల్లగా ఉన్నందుననే మ్రోతకు బలము. మ్రోత ఆగినందుననే తరువాతి మాటకు జనము చెవియొగ్గుదురు. కనుక ఈ ఎత్తుపల్లములు రికార్డింగులోని దోషములు కావు. కథ చెప్పుటలోని విద్యయే.

వేములవాడ సమీపమునందలి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు 2010లోను, జనగామ ప్రాంతపు మాణిక్యపురమునకు చెందిన చుక్క సత్తయ్య 2017లోను కీర్తిశేషులైనారు. ఇక అట్టివారి గొంతు మనకు రికార్డులలోనే లభించును. ఆ రికార్డును ముందు తరములవారు వినబోవు రూపమునకు తెచ్చు కడపటి మెట్టు మాస్టరింగు. అందుచేత ఆ మెట్టున మీట త్రిప్పువాని బాధ్యత చిన్నది కాదు.

డెసిబెల్ అను కొలత

శబ్దపు హెచ్చుతగ్గులను డెసిబెల్లలో కొలుతురు. ఇది మీటరు, కిలోగ్రాము వంటి కొలత కాదు. నిష్పత్తిని తెలుపు కొలత. గాలిలోని పీడన మార్పు రెండింతలైనచో సుమారు 6 డెసిబెల్లు పెరిగినదందుము. పదింతలైనచో 20 డెసిబెల్లు, నూరింతలైనచో 40 డెసిబెల్లు, వేయింతలైనచో 60 డెసిబెల్లు పెరుగును. అనగా గుణకారములు ఇచట కూడికలుగా మారుచున్నవి. సంవర్గమానములు నేర్చిన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును.

గుసగుస సుమారు 30 డెసిబెల్లు. ఒక మీటరు దూరమున సాధారణ సంభాషణ సుమారు 60. చెంతనే మ్రోగు డోలు 100కు చేరువగా పోగలదు. గుసగుసకును డోలుకును నడుమ 70 డెసిబెల్ల దూరమున్నదనగా, పీడనములో మూడువేల రెట్లకు పైగా తేడా ఉన్నదన్నమాట. మన చెవి ఇంత వ్యత్యాసమును అవలీలగా భరించును. కాని మనము కల్పించిన సాధనములు అన్నియు దానిని మోయజాలవు.

కంప్యూటరు రికార్డింగులో మోయగల పెద్ద శబ్దమునకు సున్న డెసిబెల్లని గుర్తు పెట్టుదురు. మిగిలిన శబ్దములన్నియు సున్నకు దిగువన ఉండును గనుక వాటిని రుణ సంఖ్యలతో చెప్పుదురు. బావి గట్టున నిలబడి నీటిమట్టము ఎన్ని అడుగుల లోతున నున్నదో చెప్పినట్లే ఇది. 16 బిట్ల కాంపాక్టు డిస్కులో గట్టు నుండి అడుగు వరకు సుమారు 96 డెసిబెల్ల లోతు కలదు. సున్నను దాటిన తరంగపు కొన మాత్రము తెగిపోయి శబ్దము బరబరలాడును.

ఈ పరికరము ఎందుకు పుట్టినది

ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు 1902లో కలకత్తాకు వచ్చి భారతీయ సంగీతమును గ్రామఫోను పలకల మీద రికార్డు చేసెను. అప్పటికి మైకు వాడుకలో లేదు. గాయకులు ఒక కొమ్ములోనికి పాడవలసియుండెను. గొంతెత్తునపుడు కొమ్ము నుండి వెనుకకు జరుగుట, తగ్గించునపుడు దగ్గరకు వచ్చుట ఆనాటి పద్ధతి. అనగా మనిషి కదలికయే కంప్రెసర్. నేటికిని అనుభవముగల కథకుడు కేక వేయునపుడు మైకును నోటికి దూరముగా జరుపుట చూచుచున్నాము.

గ్రామఫోను పలకకు రెండు హద్దులుండెను. శబ్దము అతి మెల్లగా ఉన్నచో పలక గరగరలో కలిసిపోవును. అతి బిగ్గరగా ఉన్నచో గాడి ప్రక్క గాడిని తాకును. ఈ రెండు హద్దుల నడుమ సంగీతమును ఇముడ్చుట అవసరమైనది. మాస్టరింగు అను మాటయు ఆ కాలమున పుట్టినదే. పలకలన్నింటికి మూలమైన మొదటి అచ్చును మాస్టరు అనెడివారు. ఆ అచ్చులో తప్పు ఉన్నచో దాని నుండి తీసిన ప్రతి పలకలోను అదే తప్పు ఉండును.

రేడియోకును ఇట్టి హద్దే కలదు. మీడియం వేవ్ ప్రసారములో శబ్దతరంగము వాహకతరంగపు పరిమాణమును పెంచుచు తగ్గించుచు ఉండును. సున్న కంటె దిగువకు దానిని తగ్గించుట సాధ్యము కాదు గనుక, హద్దు మీరిన శబ్దము చెడిపోవును. హైదరాబాదులో 1935 నుండి నిజాం ప్రభుత్వ ఆధీనమున నడచిన దక్కను రేడియోకు గాని, 1950లో దానిని స్వీకరించిన ఆకాశవాణికి గాని ఈ భౌతిక నియమము ఒకటే. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ 1937లో రేడియో కేంద్రముల కొరకు ఇట్టి స్వయంచాలక సంవర్ధకమును విపణిలోనికి తెచ్చినది. 1950 దశకపు చివర ఫెయిర్‌చైల్డ్ సంస్థ తెచ్చిన వాల్వుల కంప్రెసర్ గ్రామఫోను పలకలు కోయుటకు ఉద్దేశింపబడినది. 1960 దశకములో జిమ్ లారెన్స్ నిర్మించిన టెలిట్రోనిక్స్ పరికరములో శబ్దము పెరిగినకొలది ఒక చిన్న దీపము ప్రకాశించును. ఆ వెలుగు పడిన నిరోధకము తన నిరోధమును మార్చుకొని శబ్దమును తగ్గించును. నేటి కంప్యూటరు ప్రోగ్రాములు ఇట్టి పరికరముల ప్రవర్తననే గణితరూపమున అనుకరించుచున్నవి.

గడప, నిష్పత్తి

కంప్రెసరులో మొదటి మీట గడప. శబ్దము గడపకు దిగువన ఉన్నంతసేపు పరికరము దాని జోలికి పోదు. గడప దాటినంతనే పని మొదలుపెట్టును. రెండవ మీట నిష్పత్తి. గడప దాటిన శబ్దమును ఎంతగా తగ్గింపవలెనో ఇది నిర్ణయించును. నిష్పత్తి 2కు 1 అనగా, గడపకు ఎగువన 12 డెసిబెల్లు లేచిన శబ్దము 6 డెసిబెల్లు మాత్రమే లేచినట్లు బయటకు వచ్చును. 4కు 1 అయినచో 3 డెసిబెల్లే. 10కి 1 అయినచో 1.2 డెసిబెల్లు. నిష్పత్తి ఇంత ఎక్కువైనచో ఆ పరికరమును లిమిటర్ అందురు. అది కంచె వంటిది. మూడవ మీట భర్తీ. అదిమినందువలన మొత్తము శబ్దము తగ్గును గనుక, తగ్గినంత మేరకు అంతటిని సమముగా పెంచుటకు ఇది ఉపయోగపడును.

ఒక లెక్క చేసి చూతము. మన ఒగ్గుకథలో మెల్లని మాట −36 వద్ద, పాట −18 వద్ద, డోళ్ల మ్రోత −6 వద్ద ఉన్నవనుకొందము. మాటకును మ్రోతకును నడుమ దూరము 30 డెసిబెల్లు.

మొదటి అమరిక: గడప −18, నిష్పత్తి 2కు 1. మాట, పాట గడప దాటలేదు గనుక మారవు. మ్రోత 12 డెసిబెల్లు దాటినది. అది 6కు తగ్గి −12 వద్ద నిలుచును. ఇప్పుడు 6 డెసిబెల్ల భర్తీ ఇచ్చినచో మాట −30, పాట −12, మ్రోత −6 అగును. మొత్తము దూరము 24 డెసిబెల్లు. మాట కొంత పైకి వచ్చినది; మ్రోత ఇంకను పాటకంటె 6 డెసిబెల్లు మిన్నగనే ఉన్నది.

రెండవ అమరిక: గడప −30, నిష్పత్తి 10కి 1. మాట మారదు. పాట 12 డెసిబెల్లు దాటినది, 1.2కు తగ్గి −28.8 వద్ద నిలుచును. మ్రోత 24 దాటినది, 2.4కు తగ్గి −27.6 వద్ద నిలుచును. మ్రోతను మరల −6కు తెచ్చుటకు 21.6 డెసిబెల్ల భర్తీ ఇచ్చినచో మాట −14.4, పాట −7.2, మ్రోత −6 అగును. పాటకును డోళ్ల మ్రోతకును నడుమ ఇక మిగిలినది 1.2 డెసిబెల్లే. కథ మలుపు తిరిగినదని చెప్పవలసిన డోలు ఇప్పుడు ఏమియు చెప్పుట లేదు. అంతేకాదు; మాటతోపాటు జనము దగ్గులు, జనరేటరు రొద, గాలి హోరు కూడ 21.6 డెసిబెల్లు పైకి లేచినవి.

రెండు అమరికలలోను పెద్ద శబ్దము −6 వద్దనే ఉన్నది. మీటరు ముల్లును మాత్రమే చూచువానికి రెండును ఒకటే. చెవి పెట్టి వినువానికి మొదటిది కథ, రెండవది రొద.

కొన్ని కంప్రెసర్లలో మోకాలు అను మరియొక మీట ఉండును. గడప వద్ద పరికరము ఒక్కసారిగా పట్టుకొనక, మోకాలు వంగినట్లు క్రమముగా పట్టుకొనుటకు అది తోడ్పడును. మాస్టరింగులో సాధారణముగా మెత్తని వంపే మేలు.

పట్టు, విడుపు

ఇంతవరకు చెప్పినది ఎంత తగ్గింపవలెనను ప్రశ్న. ఎంత వేగముగా తగ్గింపవలెననునది మరియొక ప్రశ్న. నిజమునకు మాస్టరింగు చేయువారికి ఎక్కువ కష్టము కలిగించునది ఇదియే. శబ్దము గడప దాటిన పిమ్మట తగ్గింపు అమలులోనికి వచ్చుటకు పట్టు కాలమును పట్టు అందము. శబ్దము గడపకు దిగువకు వచ్చిన పిమ్మట తగ్గింపు తొలగిపోవుటకు పట్టు కాలమును విడుపు అందము. రెండింటిని మిల్లీసెకండ్లలో కొలుతురు. పట్టు విడుపులు తెలిసి నడువవలెనని పెద్దలు లోకవ్యవహారమును గూర్చి చెప్పుదురు. కంప్రెసరుకు ఆ మాట అక్షరాల వర్తించును.

పాత పరికరములలో ఈ కాలములు నిరోధకము, కెపాసిటరుల నుండి వచ్చినవి. నిరోధమును ధారణతో గుణించినచో కాలము వచ్చునని విద్యార్థులెరుగుదురు. 10 వేల ఓముల నిరోధకము ద్వారా 1 మైక్రోఫారడ్ కెపాసిటరు నిండునపుడు, 10 మిల్లీసెకండ్లలో అది సుమారు 63 శాతము నిండును. అదే కెపాసిటరు 3 లక్షల ఓముల ద్వారా ఖాళీ అగుచున్నచో అంతే భాగము తరుగుటకు 300 మిల్లీసెకండ్లు పట్టును. మొదటిది పట్టు, రెండవది విడుపు. ఈ కాలమును లెక్కించు పద్ధతి అన్ని తయారీలలోను ఒకటి కాదు. కనుక ఒక పరికరములోని 30 మరియొక దానిలోని 30తో సమానము కానక్కరలేదు. అంకె దారి చూపును, తీర్పు చెవిదే.

డప్పు దెబ్బను తీసికొందము. వాయించువాడు ఒక చేత పొట్టి సిర్రను, మరియొక చేత సన్నని పొడవైన పుల్లను పట్టి కొట్టును. సిర్ర తోలును తాకిన తొలి కొద్ది మిల్లీసెకండ్లలో ఒక పదునైన చప్పుడు పుట్టును. దాని వెనుక తోలు కంపించు గుమ్మను నాదము వచ్చును. ఇది డప్పు అని చెవి గుర్తించుటకు ఆ తొలి పదునే ముఖ్యము. పట్టు 1 మిల్లీసెకండు ఉన్నచో కంప్రెసర్ ఆ పదునునే పట్టుకొని అదుమును. డప్పు అట్టపెట్టె మీద కొట్టినట్లు వినబడును. పట్టు 30 మిల్లీసెకండ్లు ఉన్నచో పదును దాటిపోయిన పిమ్మట పరికరము మేలుకొని వెనుకటి నాదమును మాత్రము కొంత తగ్గించును. అందుచేత తాళవాద్యములు ప్రధానముగా గల పాటలకు 20 నుండి 50 మిల్లీసెకండ్ల పట్టుతో మొదలుపెట్టి వినుట మంచిది. తప్పించుకొనిపోయిన కొనలు సున్నను దాటకుండ కడపట ఒక లిమిటర్ కాపలా ఉండవచ్చును. కాని అది అప్పుడప్పుడు మాత్రమే తగులవలెను.

ఇక విడుపు. పాట నిమిషమునకు 120 దెబ్బలతో సాగుచున్నచో ఒక దెబ్బకును మరియొక దెబ్బకును నడుమ 500 మిల్లీసెకండ్లుండును. తరువాతి దెబ్బ పడులోగా కంప్రెసర్ తన పట్టును చాలవరకు వదలవలెను. కనుక 150 నుండి 300 మిల్లీసెకండ్ల విడుపుతో మొదలుపెట్టవచ్చును. విడుపు మరీ దీర్ఘమైనచో ఒక్క దెబ్బ పడినందుకు తరువాతి మాటలన్నియు అణగియుండును. తగ్గింపును చూపు ముల్లు పాట నడకతో కలిసి ఊగుచున్నచో విడుపు చేరువలో ఉన్నదని గ్రహింపవచ్చును.

విడుపు మరీ స్వల్పమైనను ప్రమాదమే. డోలు నాదము సెకండుకు 50 కంపనములు గలదైనచో ఒక్కొక్క కంపనమునకు 20 మిల్లీసెకండ్లు పట్టును. పట్టు, విడుపు రెండును అంతకంటె స్వల్పమైనచో కంప్రెసర్ ప్రతి కంపనపు ఎత్తును వేరొక దెబ్బగా భావించి పట్టుచు వదలుచు ఉండును. తరంగపు ఆకారమే మారిపోవును. శబ్దము నలిగినట్లు, బరబరలాడినట్లు వినబడుటకు ఇది ఒక ముఖ్య కారణము.

డోలు దెబ్బకు గొంతు ఊగుట

మాస్టరింగు నాటికి మాట, పాట, డోలు అన్నియు ఒకే ప్రవాహములో కలిసియుండును. కంప్రెసర్ వాటిని వేరు చేసి చూడలేదు. డోలు గడప దాటినచో డోలుతోపాటు కథకుని గొంతును కూడ తగ్గించును. దెబ్బ పడినప్పుడెల్ల గొంతు ముడుచుకొని, మరల ఉబికి వచ్చినట్లుండును. కొలిమితిత్తి ఊదినట్లు వినబడును. దీనికి రెండు మందులు కలవు. పరికరము చెవికి మాత్రము మంద్ర శబ్దములు కొంత వినబడకుండ చేయు వడపోత చాల కంప్రెసర్లలో ఉండును. సుమారు 100 కంపనములకు దిగువనున్న శబ్దమును అది వడపోసినచో డోలు గుమ్మనుట పరికరమును లేపదు. బయటకు వచ్చు శబ్దములో మాత్రము డోలు నాదము తరుగదు.

రెండవ మందు ఇంతకంటె మేలైనది. అది రికార్డు చేయునపుడే వాడవలసినది. బహిరంగ స్థలమున దూరము రెండింతలైనచో శబ్దము 6 డెసిబెల్లు తగ్గును. కథకుని నోటికి మైకు ఒక మీటరు దూరమున, డోలుకు నాలుగు మీటర్ల దూరమున ఉన్నచో, ఒక మీటరు వద్ద ఉండవలసిన దానికంటె డోలు 12 డెసిబెల్లు తక్కువగా మైకునకు చేరును. మన లెక్కలో 2కు 1 నిష్పత్తి చేసిన తగ్గింపునకు ఇది రెండింతలు. పైగా దీనిలో పట్టు లేదు, విడుపు లేదు, నలుగుట లేదు. మైకును నిలుపు చోటే మొదటి కంప్రెసర్ అని తెలిసికొనవలెను.

తంతివాద్యముల సంగతి వేరు. ఆదిలాబాదు గోండుల కథలు పాడు పర్ధానుల కీక్రి, కమానుతో వాయించు చిన్న వాద్యము. దాని నాదమునకు డప్పు వంటి పదునైన మొదలు లేదు. అట్టి పాటకు డప్పు కొరకు చేసిన అమరికను వాడినచో ప్రయోజనము ఉండదు. గడప కొంత దిగువన, నిష్పత్తి 1.5కు 1, విడుపు దీర్ఘముగా ఉన్నచో గొంతు, తంతి కలిసి నెమ్మదిగా సాగును. అందుచేతనే ఒక పాటకు కుదిరిన అంకెలను మరియొక పాటకు ఎత్తి వ్రాయరాదు.

బిగ్గరగా ఉన్నంత మాత్రమున

ఇంత జాగ్రత్త అవసరమైనను, చాల రికార్డులు అతిగా అదుమబడి ఉండుటకు కారణమేమి? మన చెవి స్వభావమే. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండవసారి ఒకటి రెండు డెసిబెల్లు పెంచినచో, శ్రోత రెండవదే బాగున్నదనును. శబ్దము పెరిగినదని అతనికి తోచదు. కంప్రెసర్ పెట్టి భర్తీ ఇచ్చినపుడు జరుగునదిదే. 1990 దశకము మొదలు కాంపాక్టు డిస్కులు తయారుచేయువారు ఒకరిని మించి ఒకరు బిగ్గరగా చేయబోయి సంగీతమును చదును చేసిరి. మెటాలికా అను అమెరికను బృందము 2008లో వెలువరించిన డెత్ మాగ్నెటిక్ విషయమున శ్రోతలే బహిరంగముగా ఫిర్యాదు చేసిరి.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య 2006లో, శబ్దపు కొనలను గాక చెవికి తోచు బిగ్గరదనమును కొలుచు పద్ధతిని సిఫారసు చేసినది. ఆ కొలతను అనుసరించి నేడు ఇంటర్నెట్ ద్వారా పాటలు వినిపించు పెద్ద సేవలు అతి బిగ్గరగా ఉన్న పాటలను తామే తగ్గించి వినిపించుచున్నవి. అట్టి చోట, అదిమి బిగ్గరగా చేసినవాడు పొందు లాభము సున్న. అతని పాట ఇతరుల పాటలంత శబ్దముతోనే వినబడును. డోలు పదును మాత్రము పోయియుండును.

దీని నుండి ఒక నియమము తేలుచున్నది. కంప్రెసర్ పెట్టక ముందు, పెట్టిన పిమ్మట గల రెండు రూపములను సమానమైన బిగ్గరదనమునకు తెచ్చి పోల్చవలెను. అట్లు పోల్చినపుడు తేడా మేలుగా తోచనిచో కంప్రెసర్ అవసరము లేదన్నమాట. ఏ కంప్రెసరు లేకుండుటయు ఒక అమరికయే.

వినెడి చోటు

అయినచో ఎత్తుపల్లములను ఉన్నవి ఉన్నట్లే ఉంచరాదా? ఇచట వినువాని చోటును తలపవలెను. నడచుచున్న బస్సులో రొద 70 డెసిబెల్లను మించవచ్చును. అచట ఫోనులో కథ వినువానికి 30 డెసిబెల్ల వ్యత్యాసము పనికిరాదు. మాట బస్సు రొదలో మునిగిపోవును. నిశ్శబ్దమైన గదిలో, మంచి స్పీకర్ల ముందర కూర్చున్నవానికి అదే వ్యత్యాసము కథను కళ్లకు కట్టించును. ఇద్దరికి ఒకే రూపము సరిపోదు. మాట వినబడవలెనని కొంత అదుముట తప్పు కాదు. ఎవరి కొరకు, ఎంత అనునది తెలియకుండ అదుముట తప్పు.

కనుక మూల రికార్డింగును 24 బిట్ల రూపమున, ఏమియు అదుమకుండ భద్రపరచి, అందుండి సందర్భమునకు తగిన ప్రతులను తయారుచేయుట ఉత్తమమైన పద్ధతి. అదిమిన దానిని మరల యథాస్థితికి విప్పుట ఆచరణలో సాధ్యము కాదు. మాట ఎంత తగ్గియుండెనో, డోలు ఎంత లేచెనో తెలుపు సమాచారమే అందు మిగులదు. పిండిని తిరిగి గింజగా చేయలేము గదా.

అమరిక క్రమము

పైన చెప్పిన దానిని ఒక వరుసలో చెప్పుదుము. మొదట పాటనంతటిని ఏ పరికరము పెట్టక విని, మెల్లని చోటును, మిన్నంటు చోటును గుర్తించి, ఆ దూరము కథకు అవసరమా లేక రికార్డింగు లోపమా అని ఆలోచింపవలెను. ఒక్క మాట మాత్రము మునిగిపోవుచున్నచో కంప్రెసరుతో పనిలేదు. ఆ మాటను చేతితో పెంచిన చాలును. మొత్తము మీద కొంత దగ్గరచేయవలెనని తోచినచో నిష్పత్తిని 1.5కు 1 నుండి 2కు 1 నడుమ, పట్టును 30, విడుపును 200 మిల్లీసెకండ్ల వద్ద ఉంచి, బిగ్గర ఘట్టమును వినిపించుచు గడపను మెల్లగా దించవలెను. తగ్గింపు ముల్లు 1 నుండి 3 డెసిబెల్లు చూపు చోట ఆపవలెను. తరువాత డప్పు పదును పోయినచో పట్టును పెంచవలెను; గొంతు ఊగుచున్నచో విడుపును సవరింపవలెను. కడపట భర్తీ ఇచ్చి, రెండు రూపములను సమానము చేసి, ముల్లును చూడక కన్నులు మూసికొని వినవలెను.

తరగతి గదిలో

ఈ విషయమును ఉపాధ్యాయులు ఖర్చు లేకుండ ప్రదర్శింపవచ్చును. శబ్దము పెంచు మీటగల స్పీకరును తరగతిలో ఉంచి, ఒక కథను వినిపింపుడు. ఒక విద్యార్థి చేతిని మీట మీద పెట్టించి, శబ్దము మిక్కుటమైనపుడు తగ్గింపుమని, తగ్గినపుడు మొదటి చోటికి తెమ్మని చెప్పుడు. అతడు ఎంత చురుకైనవాడైనను మొదటి దెబ్బ తప్పించుకొనును, అదియే పట్టు. తిరిగి మీటను యథాస్థానమునకు తెచ్చుటకు అతడు తీసికొను కాలమే విడుపు. వేగముగా త్రిప్పుమన్నచో శబ్దము ఊగులాడుటను తరగతి అంతయు వినగలదు.

కంప్యూటరు ఉన్న పాఠశాలలో ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాముతో ఇంకొక ప్రయోగము చేయవచ్చును. ఒక విద్యార్థి చేత రెండు వాక్యములు మెల్లగా చదివించి, రెండు చరణములు పాడించి, బల్ల మీద దరువు వేయించి రికార్డు చేయుడు. ఒక ప్రతిని అట్లే ఉంచి, ఒక దానికి పైన చెప్పిన మొదటి అమరికను, ఒక దానికి రెండవ అమరికను ఇచ్చి, మూడింటిని సమానమైన బిగ్గరదనమునకు తెచ్చి, పేర్లు చెప్పక వినిపింపుడు. ఏ ప్రతిలో దరువు నిజముగా బల్ల మీద పడినట్లున్నది? దేనిలో మెల్లని మాట మెల్లగా చెప్పినట్లే ఉన్నది? విద్యార్థులు వ్రాసిన జవాబులను తరంగముల చిత్రములతో పోల్చి చూచినచో, కంటికి నిండుగా కనబడు చిత్రము చెవికి ఇంపైనది కానక్కరలేదని వారికే తెలియును.

ఆ తరువాత తమ ఊరి కథకునో, డప్పు వాయించువానినో అడిగి, అనుమతి పొంది, రికార్డు చేయుటకు విద్యార్థులను పంపవచ్చును. వారు మైకును ఎక్కడ నిలుపవలెనో ఎరిగియుందురు. మూలమును అదుమక దాచవలెననియు ఎరిగియుందురు. మీటను త్రిప్పుటకు ముందు, గొంతు ఎక్కడ తగ్గింపవలెనో, డోలు ఎక్కడ లేవవలెనో ఆ కళాకారునే అడుగవలెను. గడప ఎక్కడ నిలుపవలెనో ఆ జవాబులోనే ఉన్నది.